రక్తంలోకి చేరని మందు

నేను టీబీ రోగుల దగ్గర రక్తం తీసుకుంటూ తిరిగిన రోజుల్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. మానుకోటకు మహబూబాబాద్ అనే పేరు బోర్డుల మీద, రైలు టికెట్ల మీద మాత్రమే కనిపించేది. మాది దేవరుప్పుల మండలంలో ఒక పల్లె. వరంగల్‌లో ఫార్మసీ చదివి, అక్కడే పరిశోధనలో చేరాను. ఏం చదువుతున్నావని మా బాపు ఒకసారి అడిగాడు.

"టీబీ మందు మింగినంక అది మనిషి ఒంట్ల ఎట్ల తిరుగుతదో లెక్కగడుతున్న బాపు."

"తిరిగి ఎటు పోతది?"

"కొంత మూత్రంల పోతది. మిగిలింది దొడ్డికి పోతది."

"గది తెలుసుకోనీకి ఇన్నేండ్ల సదువా" అని నవ్వాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

నిజానికి చెప్పడానికి అంతకన్నా పెద్దగా ఏమీ లేదు. మాత్ర కడుపులో కరిగి పేగుల్లోంచి రక్తంలోకి వస్తుంది. రక్తం దాన్ని ఊపిరితిత్తులకు మోసుకుపోతుంది. కాలేయం దాన్ని మార్చి బయటికి పంపేస్తుంది. మాత్ర వేసుకోకముందు ఒకసారి, వేసుకున్నాక మధ్యాహ్నం దాకా కొన్నిసార్లు రక్తం తీసి, ప్రతిసారీ అందులో మందు ఎంత ఉందో కొలిస్తే కాగితం మీద కొన్ని చుక్కలు వస్తాయి. ఆ చుక్కల మీదుగా పోయే గీత ఏ సమీకరణంతో వస్తుందో వెతకడం నా పని. గీత పైకి లేస్తుంది, ఒకచోట ఆగుతుంది, తర్వాత మెల్లగా కిందికి జారుతుంది. చాలామంది గీతలను కలిపి ఒక మోడల్ కట్టగలిగితే, కొత్తగా వచ్చిన మనిషి బరువు, వయసు చెప్పగానే అతని రక్తంలో మందు ఎంత ఉండబోతుందో అంచనా వేయవచ్చు. ఎవరికి మోతాదు చాలదో ముందే తెలుస్తుంది. బక్కచిక్కిన మా జిల్లా మనుషుల ఒంట్లో మందు పుస్తకాల్లో రాసినట్టు నడవడం లేదని నాకు అనుమానం. ఆ సంగతి లెక్కలతో చూపిస్తే ఎవరో ఒకరు మోతాదు మారుస్తారని నమ్మకం కూడా ఉండేది.

నాకు గైడుగా ఉన్న సారు హైదరాబాదులో పనిచేసేవారు. రక్తంలో మందును కొలిచే యంత్రం వాళ్ల ల్యాబులో ఉండేది. ఆయన సొంతూరు కృష్ణా డెల్టాలో ఎక్కడో. ఆయన ముందు నేను పుస్తకాల తెలుగు మాట్లాడేదాన్ని. ఒకరోజు నోరు జారి "గట్లనే చేసిన సార్" అన్నాను. ల్యాబులో పక్కన కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. సారు నవ్వలేదు. "చేసినవి చూపించమ్మా" అన్నారు అంతే. ఆయనంటే నాకు గౌరవం అప్పటి నుంచే మొదలైంది.

ఆమెను మొదటిసారి చూసింది మానుకోట దవాఖానలో. టీబీ గది వరండా చివర ఉండేది, ఎవరూ అటుగా నడవకుండా. ఆమెది తొర్రూరు పోయే దారిలో ఒక తండా. వయసు ఇంచుమించు నాదే. భర్త మోపెడ్ మీద తెచ్చి దింపాడు. చెంపల ఎముకలు పైకి వచ్చి, చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మందులు మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. అందరికీ ఆపాటికి దగ్గు తగ్గి కాస్త ఒళ్లు వస్తుంది. ఆమెకు రాలేదు.

నేను సూది, సీసాలు సర్దుతుంటే చూస్తూ కూర్చుంది.

"బాయీ" అని పిలిచింది. వాళ్ల భాషలో బాయి అంటే అక్క. "మందు నేనే మింగుతున్న గద. మింగినోళ్ల నెత్తురల్ల మందు ఉండకుంట ఎటు పోతది?"

"బిందెల నీళ్లు పోస్తున్నం అనుకో. బిందెకు కింద బొక్క ఉన్నది. నువ్వు పోసిందెంత, కారిందెంత, మిగిలిందెంత, గది చూస్తున్న."

"మిగులకపోతే?"

"మిగులకపోతే డాక్టరుకు చెప్త. మందు పెంచమంట."

ఆమె తల ఊపి చెయ్యి చాపింది. నరం దొరకలేదు. రెండు చేతులూ మార్చి మార్చి చూశాను. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది గానీ చెయ్యి లాక్కోలేదు. మధ్యాహ్నం దాకా ఆ బెంచీ మీదే ఉన్నాం. రక్తం తీసిన ప్రతిసారికీ మధ్య ఖాళీ ఉంటుంది కదా, ఆ ఖాళీల్లో మాట్లాడుకున్నాం. ఐదేళ్ల కూతురు ఉందట, దగ్గు అంటుకుంటుందని అమ్మ దగ్గర వదిలిందట. పత్తి ఏరేటప్పుడు వీపు నొప్పి అనుకున్నదట మొదట్లో. మాత్ర వేసుకున్నాక మూత్రం ఎర్రగా వస్తోందా అని అడిగాను. నేను కొలిచే మందు ఎర్ర మాత్ర, ఒంట్లోకి చేరితే మూత్రానికి ఆ రంగు వస్తుంది.

"మొదట్ల మస్తు ఎర్రగొచ్చేది. భయపడ్డ. గిప్పుడు వస్తలేదు."

"మాత్రలు ఆపినవా మధ్యల?"

"ఆపలే బాయీ. నా బిడ్డ మీద ఒట్టు. దవాఖానల మందులిచ్చే ఆయన ముంగటనే మింగుతున్న."

అబద్ధం కాదని నాకు తెలుసు. ఆ రోజు ఆమె మాత్రలు మింగింది నా కళ్ల ముందే. వాంతి కూడా కాలేదు.

ఫలితాలు రావడానికి కొన్ని వారాలు పట్టింది. సారు తన కంప్యూటరులో గీతలన్నీ ఒకదాని మీద ఒకటి వేసి చూపించారు. కొండల వరుసలాగా ఎత్తుపల్లాలు. అడుగున ఒక గీత మాత్రం నేలను అంటిపెట్టుకుని పోయింది. పక్కన ఉన్న సంఖ్య చూసి ఎవరిదో గుర్తుపట్టాను.

"శాంపిల్ పాడయ్యిందేమోనమ్మా. మీ దగ్గర కరెంటు కోతలు ఎక్కువ కదా. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినా మందు విరిగిపోతుంది" అన్నారు.

"అదే పెట్టెలో ఉన్న మిగతా వాళ్లవి బాగానే ఉన్నాయి సార్."

ఆయన మిగతా గీతలను ఒక్కొక్కటిగా తీసి చూశారు. "నిజమే. అయినా ఒక్కసారికే నమ్మలేం. మళ్లీ తియ్యాలి."

మానుకోట డాక్టరు కూడా అదే మాట అన్నాడు. చెడ్డవాడు కాదు. వరండా నిండా జనం, ఒక్కడే మనిషి. "చూడమ్మా, మందుల డబ్బా మనిషి పేరు మీద వస్తది. అందుల ఎన్ని గోలీలున్నయో అన్నే ఇయ్యాలె. నీ కాగితం చూసి రెండు ఎక్కువిస్త, రేపు లివర్ పోతది. ఎవరు జవాబు చెప్పాలె?" అన్నాడు. మళ్లీ తనే, "మళ్ల ఒకసారి రక్తం చూడు. తెమడ గూడ హైదరాబాద్ పంపుదాం. మందుకు లొంగని పురుగేమో తెలుస్తది. రెండూ చేతికొస్తే నేనే పైకి మాట్లాడ్త" అన్నాడు.

ఆ మాట పట్టుకుని తండాకు పోయాను. ఇంటికి తాళం. భర్తకు భూపాలపల్లిలో పని దొరికిందని, ఒక్కడు వంట చేసుకోలేడని ఆమెనూ తీసుకుపోయాడని వాళ్లమ్మ చెప్పింది. పాప వాకిట్లో మేకపిల్లను పట్టుకుని కూర్చుంది. ఆమె మందుల డబ్బా కూడా అక్కడి ఆరోగ్య కేంద్రానికి మారిందట.

సరిగ్గా అప్పుడే ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గు గనులు అన్నీ ఆగిపోయాయి. నేను ఆ సమ్మె పక్షమే. హాస్టల్లో ఉన్నవాళ్లమంతా ఊరేగింపుల్లో నడిచినవాళ్లమే, లాఠీలకు పరుగెత్తినవాళ్లమే. మా ఉద్యోగాలు, మా నీళ్లు మాకు కావాలని నేనూ గొంతు పోయేలా అరిచాను. ఇప్పటికీ ఆ కోరిక తప్పని అనుకోను. కానీ ఆ నెలలో పొద్దున లేవగానే నాకు గుర్తొచ్చేది రాష్ట్రం కాదు, భూపాలపల్లిలో ఉన్న ఒక మనిషి రక్తం. ఆ మాట హాస్టల్లో ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు.

ఎదురుచూసి ఎదురుచూసి, ఐసు పెట్టె పట్టుకుని ఒక పొద్దున బయలుదేరాను. పరకాల దాకా ఆటోలు మారాను, అక్కడి నుంచి ఇటుకల ట్రాక్టరు మీద పోయాను. భూపాలపల్లిలో గనుల వైపు దారులన్నీ ఖాళీగా ఉన్నాయి. కార్మికులు టెంటు కింద కూర్చుని పాటలు పాడుతున్నారు. కొత్తగా కడుతున్న కరెంటు ప్లాంటు అవతల, కూలీల రేకుల షెడ్లలో వాళ్లు ఉన్నారు. పని బందయి భర్త ఖాళీగా ఉన్నాడు.

ఆమె చాప మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"పండుకో" అన్నాను.

"నువ్వస్తవనుకోలే బాయీ. బస్సులు లెవ్వంటున్నరు గద."

ఆరోగ్య కేంద్రానికి తాళం వేసి ఉంది. సమ్మెలో ఉన్న నర్సమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆమె సమ్మె బ్యాడ్జీ పెట్టుకునే వచ్చి కేంద్రం తలుపు తీసింది. "మందులు మాత్రం రోజు తప్పకుంట ఇస్తనే ఉన్న. అదొక్కటి ఆపలే" అంది. భర్త భార్యను అక్కడికి నడిపించుకొచ్చాడు. రక్తం తీసిన ప్రతిసారీ సీసాను వెంటనే యంత్రంలో తిప్పి, పైకి తేలిన పసుపు నీరు వేరుచేసి ఐసులో పెట్టాను. తెమడ డబ్బాలో పట్టాను. అందులో నెత్తుటి చార ఉంది. ఆమె దాన్ని నాకంటే ముందే చూసి మూత పెట్టేసింది.

ఆమెకు వినపడకుండా భర్త నన్ను బయటికి పిలిచాడు.

"అక్కా, నిజం చెప్పు. ఇది తక్కువయితదా?"

"మందు ఒంటికి అందుతలేదు అన్నా. ఎందుకో తెలుస్తలేదు. ఇది హైదరాబాద్ చేరితే మందు మార్చుడు గురించి డాక్టరు పైకి మాట్లాడ్తనన్నడు."

"ఎట్ల చేరుస్తవ్? రైళ్లు గూడ బందున్నయంట."

"నేనే తీసుకపోత."

వరంగల్ దాకా ఒక అంబులెన్సు డ్రైవరు ఎక్కించుకున్నాడు. అక్కడి నుంచి ఒక కూరగాయల వ్యాను. జనగామ దగ్గర రోడ్డు మొత్తం మూసేశారు. నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం వండుతున్నారు. వందల మంది కూర్చుని ఉన్నారు, మా ఊరివాళ్లు కూడా. మా పెద్దనాన్న కొడుకు నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వేంది ఈడ? రా, కూసో. బువ్వ తిని పో."

"పెట్టెల నెత్తురున్నది అన్నా. ఐసు కరుగుతున్నది. జర వ్యాన్ ఇడిచిపెట్టుమను."

ఆయన పెట్టె మూత తీసి చూశాడు. తర్వాత ముందుకు నడిచి, కూర్చున్నవాళ్లను లేపుకుంటూ పోయాడు. "దవాఖాన పని, జరుగుండ్రి" అంటూ. విస్తళ్లు చేత్తో పట్టుకుని జనం లేచి దారి ఇచ్చారు. ఒక ముసలావిడ వ్యాను కిటికీలోంచి నాకు విస్తరాకులో అన్నం, చారు అందించింది. "బిడ్డా, కడుపు మాడ్చుకోకు" అంది. అన్నం ఒళ్లో పెట్టుకుని, పెట్టెను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. అంత మంది మనుషులు ఒక్కసారిగా నాకోసం పక్కకు జరిగినప్పుడు ఆమె బతుకుతుందని ఎందుకో గట్టిగా అనిపించింది. ఆ కథ మొత్తంలో అలా అనిపించింది అక్కడ ఒక్కచోటే.

ఉప్పల్ దగ్గర సారు స్కూటరు మీద వచ్చి నిలబడ్డారు. పెట్టెలో ఐసు చాలావరకు నీళ్లయింది కానీ చల్లగానే ఉంది. తెమడ డబ్బాను ఆయనే వేరే ల్యాబుకు తీసుకుపోయి, అక్కడ ఉన్న ఒక్క మనిషిని బతిమాలి ఇచ్చి వచ్చారు. పరీక్ష పూర్తి కావడానికి వారాలు పడుతుందని చెప్పారట. పురుగు ఆ గాజు గొట్టంలో పెరగాలి కదా, దాని మీద మందు వేసి చూడాలి కదా. దాన్ని తొందరపెట్టడం ఎవరి చేతిలోనూ లేదు.

రక్తం ఫలితం మాత్రం సారు మూడో రోజుకే తీశారు. మొదటిసారి కంటే కూడా తక్కువ. ఈసారి శాంపిల్ పాడయ్యిందని ఆయన అనలేదు.

"ఈ మందుకో గుణం ఉందమ్మా. వాడేకొద్దీ దాన్ని బయటికి పంపడం కాలేయం నేర్చుకుంటుంది. అందరిలోనూ కొంత నేర్చుకుంటుంది. ఈమెలో మరీ ఎక్కువేమో. లేకపోతే పేగులే తీసుకోవడం లేదేమో. ఈ చుక్కలతో రెండింట్లో ఏదో చెప్పలేం."

"ఏదైనా సరే, మోతాదు పెంచితే సరిపోతుందా సార్?"

"పుస్తకాల్లో ఉన్న మోడల్ ప్రకారం సరిపోవచ్చు. ఆ మోడల్ మీద నాకే అంత నమ్మకం లేదు."

లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. కింద రోడ్డు మీద నినాదాలు వినిపిస్తున్నాయి. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని అరుస్తున్నారు. ఆయన వెనక్కి తిరగకుండానే, "నన్ను కూడా వెళ్లిపొమ్మంటావా అమ్మా?" అన్నారు.

"లేదు సార్."

"మీ ప్రాంతం మీకు రావాలనే నేనూ అనుకుంటాను. కానీ పాతికేళ్లు ఇక్కడే ఉన్నాను. వెళితే ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియదు."

ఫలితాల కాగితం తీసుకుని వచ్చేశాను.

మానుకోట డాక్టరుకు ఫోనులో చదివి వినిపించాను. మాట నిలబెట్టుకున్నాడు. పై ఆఫీసుకు ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. వేరే ఊళ్లో ఉన్న ఒక పెద్ద డాక్టరు ఇంటికి చేశాడు. ఆయన, తెమడ ఫలితం రానిదే ఏదీ మార్చవద్దు, పేషెంటును వరంగల్ పెద్దాసుపత్రిలో చేర్పించండి అన్నాడట. అది తప్పు సలహా కాదు. పుస్తకంలో అదే రాసి ఉంటుంది. నేను భర్తకు ఫోన్ చేసి వెంటనే బయలుదేరమన్నాను. బండి దొరకలేదు. దొరికిన రోజు ఆమె కూర్చోలేకపోయింది. పడుకోబెట్టి తీసుకుపోయే బండి దొరకడానికి ఇంకా ఆలస్యమైంది.

వార్డులో చివరిసారి చూశాను. ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంది. నన్ను గుర్తుపట్టింది. చెయ్యి చాపింది, మళ్లీ రక్తం తీయడానికి వచ్చాననుకుని.

"వద్దు. ఇయ్యాల తీయను" అన్నాను.

"మిగులుతున్నదా బాయీ?" అంది, చాలా మెల్లగా.

"మిగులుతున్నది" అని చెప్పాను.

కళ్లు మూసుకుంది. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది, ఎండిన కట్టెలా, ఒళ్లంతా జ్వరం ఉన్నా వేళ్లు మాత్రం చల్లగా. తెల్లారి మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. నేను మాట్లాడేలోపే, "పోయింది అక్కా. తండాకు తీసుకపోతున్న" అన్నాడు. చావుకు పోలేకపోయాను. మానుకోట దారిలో ఆ రోజు కూడా బందే.

తెమడ ఫలితం సమ్మె ముగిసిన తర్వాత వచ్చింది. ఆమె ఊపిరితిత్తుల్లో ఉన్న పురుగు అన్ని మందులకూ లొంగేదే. మొండి రకం కాదు. మామూలు మాత్రలు, ప్రతి దవాఖానలో దొరికే ఆ ఎర్ర మాత్రలే, రక్తంలోకి చేరి ఉంటే చాలు. సారు ఆ కాగితం రెండుసార్లు చదివి, బోర్లించి బల్ల మీద పెట్టారు. ఆ రోజు మేం పని చేయలేదు.

తర్వాత మా సొంత మోడల్ పని మొదలైంది. ఆ పని ఎలా ఉంటుందంటే, కంప్యూటరు ఏదో ఒక అంకెతో మొదలుపెట్టి, గీతకూ చుక్కలకూ మధ్య దూరం తగ్గిస్తూ తగ్గిస్తూ పోతుంది. ఇక తగ్గదు అన్నచోట ఆగాలి. మా మోడల్ ఆగేది కాదు. గంటల తరబడి తిరిగి, అంకెలు అర్థం లేకుండా పెరిగిపోయి, చివరికి తప్పు అని చూపించేది. ఆమె చుక్కలు తీసేసి నడిపితే నిమిషాల్లో నిలబడేది. గీతలన్నీ చుక్కల మధ్య చక్కగా కూర్చునేవి. మళ్లీ ఆమెను చేరిస్తే కూలిపోయేది. పేగులు తీసుకునే వేగం మార్చి చూశాం. కాలేయం నేర్చుకునే తీరు కలిపి చూశాం. ఆమెలాంటి వాళ్లకు వేరే గుంపు కట్టి చూశాం. ఒక్క మనిషితో గుంపు అవుతుందా అని కంప్యూటరే ఒప్పుకోలేదు. నెలలు గడిచాయి.

"తీసేద్దామా?" అని సారు ఒకరోజు అడిగారు. ఆజ్ఞ కాదు, అడగడమే.

"మనం ఇది మొదలుపెట్టిందే ఆమెలాంటి వాళ్లకోసం కదా సార్."

"అవును. కానీ ఆమెను ఉంచితే మోడల్ లేదు. మోడల్ లేకపోతే మిగతా వాళ్లకోసం చెప్పడానికి కూడా ఏమీ ఉండదు."

ఆయన మాటలో తప్పు నాకు ఎక్కడా దొరకలేదు. అయినా ఒప్పుకోలేదు. ఆమె చుక్కలతోనే వ్యాసం రాసి ఒక పరిశోధన పత్రికకు పంపాం. తిరిగొచ్చింది. ఆ ఒక్క రోగి వల్ల అంచనాలు నిలకడగా లేవని, తీసేసి మళ్లీ పంపమని రాశారు. ఇంకోచోటికి పంపాం. వాళ్లూ అదే అన్నారు. చివరికి సారే తీసేసి పంపారు, నాకు చెప్పే చేశారు. అచ్చయిన వ్యాసంలో ఆమె గురించి ఒక్క వాక్యం ఉంది, మందు అతి తక్కువగా ఉన్న ఒక రోగిని విశ్లేషణ నుంచి మినహాయించామని. మా మోడల్ చెప్పింది ఏమిటంటే, ఈ ప్రాంతపు మనుషుల్లో మందు దాదాపుగా పుస్తకాల్లో ఉన్నట్టే నడుస్తుందని. నాకు డాక్టరేట్ వచ్చింది దానికే.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. జనగామ చౌరస్తాలో పటాకులు, రంగులు. నేనూ వెళ్లాను. మా పెద్దనాన్న కొడుకు నా మొహం నిండా గులాల్ పూశాడు. సంతోషంగానే ఉన్నాను, కాదనను. అప్పటికే జనగామలో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. యూనివర్సిటీలో పోస్టులు ఈ ఏడు పడతాయి, వచ్చే ఏడు పడతాయి అనుకుంటూ ఉన్నాం, నాతోపాటు ఊరేగింపుల్లో నడిచినవాళ్లం అందరం.

వానాకాలంలో ఆమె భర్త కాలేజీ గేటు దగ్గర కనిపించాడు. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల ఎత్తు పెరిగింది, ఒళ్లు మాత్రం లేదు. మెడ దగ్గర గడ్డ. మానుకోటలో చూసి టీబీ అని మందులు మొదలుపెట్టారట.

"అక్కా, దీని నెత్తురు గూడ చూస్తవా? మందు అందుతున్నదో లేదో. దీని తల్లికి అందలే గద. దీనికన్న ముందుగాల్నే తెలిస్తే" అని ఆగిపోయాడు.

చెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టి నీళ్లు తెప్పించాను. ఎలా చెప్పాలో తెలియక కాసేపు అవీ ఇవీ అడిగాను. మా పరిశోధనకు ఇచ్చిన గడువు అయిపోయింది. నా దగ్గర ఐసు పెట్టె కూడా లేదు. సారు అప్పటికే ఉద్యోగం అయిపోయి వాళ్ల వైపు వెళ్లిపోయారు. ఆయన ఉన్న ల్యాబుకు ఫోన్ చేస్తే, అనుమతులు లేకుండా బయటి శాంపిళ్లు తీసుకోబోమని ఎవరో కొత్త గొంతు చెప్పింది. ఆ మాటే అతనికి చెప్పాను.

"మరి ఇంకెక్కడన్న చూస్తరా?"

"మన దగ్గర ఎక్కడ చూడరు అన్నా."

అతను పిల్ల చెప్పుకు తెగిన పట్టీ సరిచేస్తూ కూర్చున్నాడు. నేను ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, మూత్రం ఎర్రగా వస్తోందా అని అడిగాను. సిగ్గుపడి తండ్రి వెనక దాక్కుంది. వస్తుందని తండ్రే చెప్పాడు. అలా వచ్చినంత మాత్రాన రక్తంలో సరిపడా ఉన్నట్టు కాదు. నాకు తెలిసిన కొలత మాత్రం ఆ పూట అదొక్కటే. రోజూ చూస్తూ ఉండమని, రంగు తగ్గితే ఫోన్ చేయమని చెప్పి తొర్రూరు బస్సు ఎక్కించాను.

ఆ పిల్లకు నయమైంది. తల్లికి ఎందుకు అందలేదో, పిల్లకు ఎందుకు అందిందో నేను చెప్పలేను. మధ్యలో ఒకటి రెండు నెలలు ఫోన్ రానప్పుడు నిద్ర పట్టేది కాదు, వచ్చినప్పుడు ఎత్తడానికి భయం వేసేది.

సారు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. కళ్లు సరిగా కనపడటం లేదట. మా పాత లెక్కలు ఇంకా తన కంప్యూటరులో ఉన్నాయని, కొత్త పద్ధతులు వస్తే ఆమె చుక్కలు కలిపి నడిపి చూస్తుంటానని మొన్న చెప్పారు.

"కుదిరిందా సార్?" అని అడిగాను.

"లేదమ్మా" అన్నారు. తర్వాత మా దగ్గర వానలు ఎలా ఉన్నాయని అడిగారు. లేవని చెప్పాను.